కుర్చీలో కూర్చున్నవాడు

అమ్మాయీ,

అమెరికన్ మూకీ హాస్యనటుడు చెస్టర్ కాంక్లిన్ మీద నువ్వు రాసిన వ్యాసం పోయిన బుధవారం అందింది. ఒకసారి చదివి పక్కన పడేశాను. రెండు రోజులు ఆగి చదివితే కోపం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

కోపమంతా ఒక్క వాక్యం మీదే. "తెరకు మాటలొచ్చాయి, అతను మూగబోయాడు" అని రాశావు. చదవడానికి బాగుంది. రాసినప్పుడు నీకూ బాగా నచ్చి ఉంటుంది, దాన్నొక్కదాన్నే విడిగా పేరా చేశావు. కానీ అది అబద్ధం. కాంక్లిన్ మూగబోలేదు. టాకీలొచ్చాక ముప్ఫై ఏళ్ల పైన వేషాలు వేశాడు, మాట్లాడాడు. ఆయన ఆఖరి సినిమా 1966లో వచ్చింది. నీ వ్యాసం ఎనిమిది పేజీలు. ఏడు పేజీలు 1914 నుంచి 1928 దాకా నడిచాయి. ఆ తర్వాతి ముప్ఫై ఎనిమిదేళ్లనీ ఒక్క పేజీలో కుక్కేశావు. అందులోనూ సగం డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో శాంటాక్లాజ్ వేషం గురించే.

ఎందుకలా జరిగిందో నాకు తెలుసు. చివర్లో చదివేవాళ్ల కళ్లు తడి చేయాలని తొందరపడ్డావు.

"ఆ మీసం కింద నోరెక్కడుందో వెతుక్కోవాలి" అన్నావు చూడు, అది బాగుంది. అయితే ఆ మీసం ఎక్కడిదో రాయలేదు. అసలు విషయం అక్కడే ఉంది. 1886లో అయోవా రాష్ట్రం ఆస్కలూసాలో పుట్టిన కుర్రాడు ఇల్లు వదిలి పారిపోయాడు. హోటల్లో సామాన్లు మోశాడు. సెయింట్ లూయిస్‌లో ఒకాయన దగ్గర పనిచేశాడు. ఆ యజమానిది దట్టమైన యాస, గుబురు మీసం. కాంక్లిన్ ఆయన్నే ఒక వేషంగా కట్టి స్టేజి ఎక్కాడు. తర్వాత సర్కస్‌లో బఫూన్ అయ్యాడు. సర్కస్‌కి సెలవులున్న రోజుల్లో కాలిఫోర్నియాలో మాక్ సెనెట్ తీసిన కామెడీలు చూసి, ఇరవై ఏడేళ్ల వయసులో ఆ సెనెట్ నడిపే కీస్టోన్ స్టూడియోకి పని అడగడానికి వెళ్లాడు. రోజుకి 3 డాలర్ల కూలికి పోలీసు గుంపులో ఒకడిగా పెట్టుకున్నారు.

అంటే ఏమిటి? ఒక మనిషి నడకనీ మాటనీ మీసాన్నీ గమనించి, దాచుకుని, అవసరమైనప్పుడు బయటికి తీయడం ఆయనకి మొదటి నుంచీ వచ్చు. క్యారెక్టర్ ఆర్టిస్టు చేసేది ఆ పనే. మూకీ హాస్యనటుడు పడిపోయి పడిపోయి చివరికి క్యారెక్టర్ ఆర్టిస్టుగా మిగిలాడని నువ్వు రాశావు. ఆయన మొదట్నుంచీ క్యారెక్టర్ ఆర్టిస్టే. కీస్టోన్ వాళ్లు దొర్లించారు కాబట్టి దొర్లాడు.

నీ లెక్క తప్పనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ తీసిన 'గ్రీడ్'లో కాంక్లిన్ హీరోయిన్ తండ్రిగా వేశాడు. ఆ సినిమా 1924లో వచ్చింది, టాకీలు రాకముందు. ఎనిమిది గంటల పైన తీసిన సినిమాని స్టూడియోవాళ్లు కోసి కోసి రెండున్నర గంటల లోపుకి తెచ్చారు. ఆ కోతలో ఆయన వేషం చాలా వరకు పోయింది. ఇంకో హాస్యనటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్‌తో జంటగా 1927, 28ల్లో చేసిన మూడు సినిమాలూ ఇప్పుడు దొరకడం లేదు. నువ్వు "వైభవ దశ" అని మురిసిపోయిన రోజుల్లో మంచి పని చాలా భాగం మనం చూడలేం. మనకి చూడ్డానికి మిగిలినవి ఎక్కువగా నువ్వు ఒక్క పేజీలో సర్దేసిన చిన్న వేషాలే.

ఇక నేను చెప్పదలచుకున్నది. ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను, వినేవాళ్లు తక్కువ.

చాప్లిన్ 1940లో తీసిన 'ది గ్రేట్ డిక్టేటర్' చూశానన్నావు. అందులో షేవింగ్ సీన్ గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క ఉంది: "చాప్లిన్ అద్భుతంగా నటించిన సన్నివేశంలో కాంక్లిన్ కస్టమర్‌గా కనిపిస్తాడు." కనిపిస్తాడా? ఫోన్ పక్కన పెట్టుకుని మళ్లీ చూడు. కుర్చీలో ఒక మనిషి. మెడ చుట్టూ గుడ్డ. రేడియోలో బ్రామ్స్ హంగేరియన్ డాన్స్ నంబర్ 5 మొదలవుతుంది. చాప్లిన్ ఆ వరసకే నురగ పూస్తాడు, ఆ వరసకే కత్తి నూరతాడు, ఆ వరసకే గీస్తాడు. వాయిద్యం నెమ్మదిస్తే కత్తి నెమ్మదిస్తుంది, ఉరికితే కత్తీ ఉరుకుతుంది. అందరూ చాప్లిన్ చేతులే చూస్తారు. మా ఊరి ఫిల్మ్ సొసైటీలో మొదటిసారి చూసినప్పుడు నేనూ వాటినే చూశాను. ఇరుకు హాలు, గోడకు కట్టిన గుడ్డ, ప్రొజెక్టర్ చప్పుడు. నవ్వి నవ్వి పక్కవాడి భుజం మీద పడ్డాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి కుర్చీలో ఉన్నవాణ్ణి చూశాను. కత్తి గొంతు దగ్గరికి వస్తుంది. ఆయన గట్టిగా ఉలిక్కిపడ్డాడనుకో, మనకి నవ్వు పోయి భయం పట్టుకుంటుంది. బొత్తిగా కదలకుండా కూర్చున్నాడనుకో, బొమ్మకి గడ్డం గీసినట్టుంటుంది, అప్పుడూ నవ్వు రాదు. ఆ రెండింటి మధ్య వెంట్రుకవాసి చోటుంది. ఆయన ఆ సీనంతా ఆ చోటులోనే కూర్చున్నాడు. కళ్లు కత్తి వెంట పోతాయి, ఒళ్లు కుర్చీని అంటిపెట్టుకునే ఉంటుంది. చివర్న చాప్లిన్ చెయ్యి చాపి పదిహేను సెంట్లు అడుగుతాడు. ఆ నవ్వులో సగం వాటా కుర్చీలో ఉన్నాయనది.

అంతకు నాలుగేళ్ల ముందు 'మోడర్న్ టైమ్స్'. కాంక్లిన్ ముసలి మెకానిక్కు, చాప్లిన్ ఆయన దగ్గర హెల్పరు. మెకానిక్కు యంత్రం పళ్ల మధ్య ఇరుక్కుంటాడు, తల ఒక్కటే బయట. ఇంతలో భోజనాల గంట కొడుతుంది, యంత్రం ఆగిపోతుంది. హెల్పరు ఆయనకి అలాగే అన్నం తినిపిస్తాడు. కాఫీ పోయడానికి కాల్చిన కోడినే గరాటు చేస్తాడు. ఇద్దరి సంగతీ గుర్తు చేసుకో. 1914లో చాప్లిన్ మొదటి సినిమాలో కాంక్లిన్ ఉన్నాడు. ఇరవై రెండేళ్ల తర్వాత అదే చాప్లిన్ కాంక్లిన్‌కి తల ఒక్కటే వదిలిపెట్టి, మిగతా ఒళ్లంతా యంత్రంలో దాచేశాడు. ఒళ్లంతా వాడి బతికిన హాస్యనటుడికి ఇది ఎంత కష్టమైన వేషమో ఆలోచించావా? తర్వాతి సినిమాలో మళ్లీ కుర్చీకి కట్టేశాడు. తల మాత్రమే ఇచ్చినా కాంక్లిన్ నిలబడగలడని చాప్లిన్‌కి తెలుసు. చాప్లిన్ చూపిన ఈ నమ్మకం మీద ఒక పేజీ రాయాల్సింది. నువ్వేమో "చాప్లిన్ నీడలో మిగిలిపోయాడు" అన్నావు.

ఇది చదివినప్పుడు నాకు నా తప్పే గుర్తొచ్చింది. అప్పట్లో గుమాస్తా ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు రాసేవాణ్ణి. గుంటూరు వైపు ఒక బుర్రకథ దళంలో హాస్యపు వంత ఉండేవాడు, కథకుడి పక్కన నిలబడి వంత పాడుతూ నవ్వించేవాడు. నాలుగు రాత్రులు ఆ దళం వెంట తిరిగాను. కథకుడు యుద్ధం పట్టులో ఉండగా ఈయన ఎక్కడ అడ్డం పడాలో, ఎంతసేపు పడాలో, జనం నవ్వు ఇంకా పూర్తి కాకముందే గుమ్మెట వాయిద్యం మీద ఒక్క దెబ్బ కొట్టి కథని మళ్లీ కథకుడి చేతికి ఎలా అందించాలో చూసి పన్నెండు పేజీలు రాశాను. ఒక వారపత్రికకి పంపాను. వాళ్లు దాన్ని రెండు పేజీలకి కోశారు. గుమ్మెట పోయింది, అడ్డం పడ్డం పోయింది. "నవ్వుల మాటున కన్నీళ్లు" అని పేరు పెట్టి, చివర్న పూట గడవని పేదరికం గురించి నేను రాయని నాలుగు వాక్యాలు అతికించారు. కింద నా పేరే ఉంది.

ఆయన ఆ పత్రిక మడిచి పట్టుకుని మా ఆఫీసు వరండాలోకి వచ్చాడు. ఆయనకి రెండెకరాల మాగాణి ఉంది, కూతురి పెళ్లి మాటల్లో ఉంది. మగపెళ్లివాళ్లు అది చదివారు. అరవలేదు. "వంతగాణ్ణి బాబూ నేను. వంతంటే ఓడిపోయినోడని మీకెవరు చెప్పారండీ?" అన్నాడు. నేనేం రాశానో, వాళ్లేం కలిపారో చెప్పబోయాను. ఆయన విన్నాడు, తలూపాడు, వెళ్లిపోయాడు. ఆ సంబంధం కుదిరిందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు.

అప్పటి నుంచీ ఆ ఎడిటర్లంటే నాకు పడదు. వాళ్లు మారలేదు, ఫ్యాషన్ మారిందంతే. అప్పుడు కన్నీళ్లు, ఇప్పుడు "మరుగునపడిన మాణిక్యం". మన తెలుగు హాస్యనటుడు కస్తూరి శివరావు గారి గురించి వచ్చేవి చదువు, బాగా సంపాదించి కారెక్కాడు, అంతా పోయి కారు దిగాడు అన్న కథే. మూకీ బొమ్మలాడే రోజుల్లో జనానికి కథ విప్పి చెప్పిన మనిషి, 1949లో 'గుణసుందరి కథ'తో జనాన్ని ఊపేసిన మనిషి. ఆయన మాట విరుపు ఎలా ఉండేదో, ఆ విరుపు తెర పక్క వ్యాఖ్యానం నుంచి వచ్చిందేమో ఎవరూ వెతకరు. కారు సంగతి రాయడం తేలిక. చూడక్కర్లేదు, విన్నది రాస్తే చాలు.

శాంటాక్లాజ్ సంగతి తీసెయ్యమనను. 1950ల్లో కాంక్లిన్‌కి వేషాలు తగ్గాయి, ఇబ్బంది పడ్డాడు, ఆ పని చేశాడు. నిజమే కాబట్టి ఉండాలి. కానీ నీ వాక్యంలో జాలి తప్ప మనిషి లేడు. కూలికి వేషం కట్టడం ఆయనకి కొత్త కాదు, 3 డాలర్లకి మొదలైనవాడే. పైగా దానికి ముందున్న పదిహేనేళ్లలో ఏం జరిగిందో నువ్వు చూడలేదు. దర్శకుడు ప్రెస్టన్ స్టర్జెస్ 1940ల్లో తన సినిమాల్లో ఆయన్ని మళ్లీ మళ్లీ పెట్టుకున్నాడు. త్రీ స్టూజెస్ అనే హాస్య బృందం పొట్టి సినిమాల్లో ఒకసారి ఫైర్ స్టేషన్ అధికారి, ఇంకోసారి బార్‌లో మందు పోసేవాడు. చాలా వాటిలో టైటిల్స్‌లో పేరు కూడా వెయ్యలేదు. ఒక నిమిషం వేషం, రెండు నిమిషాల వేషం. ఒక్కొక్కటీ చూడు. గ్లాసు ఎలా పట్టుకున్నాడో, తలుపు దగ్గర ఎంతసేపు ఆగాడో రాసుకో. ఇరవై వేషాలు చూసేసరికి నీ చేతిలో ఒక నటుడుంటాడు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది నీ దిగులు మాత్రమే.

ఏ పత్రికకి పంపాలో అడిగావు. ముందు తిరగ రాయి, దాని సంగతి తర్వాత చూద్దాం.

తిరగ రాసేటప్పుడు 1914తో మొదలుపెట్టొద్దు. కుర్చీతో మొదలుపెట్టు. మెడ చుట్టూ గుడ్డ, మొహం నిండా నురగ, పైన కత్తి. అక్కడి నుంచి వెనక్కీ వెళ్లు, ముందుకీ వెళ్లు. ముందుకి వెళ్లినప్పుడు నువ్వు వదిలేసిన ఇంకో సంగతి ఉంది. సినిమావాళ్ల కోసం నడిపే ఆశ్రమంలో ఉండగా అక్కడే ఉంటున్న ఒకావిడని ఇష్టపడ్డాడు. 1965లో ఇద్దరూ లాస్ వేగాస్ వెళ్లి పెళ్లి చేసుకున్నారు. పెళ్లికొడుక్కి 79, పెళ్లికూతురికి 65. ఆశ్రమం వదిలి వాన్ నైస్‌లో కాపురం పెట్టారు. ఆ మరుసటి ఏడాది విడుదలైన సినిమాలోనూ చిన్న వేషం ఉంది ఆయనకి, ముసలాయన వేషం. అది కూడా చూసి, పండగ లోపు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు