నాణేలను ఫొటో తీస్తే అక్షరాలు ఎందుకు కనబడవు?

ఫ్లాష్ వేసి తీయడం వల్ల. నాణెం చిన్న అద్దం లాంటిది. ఎదురుగా పడిన వెలుగును తిరిగి కెమెరాలోకే కొడుతుంది, చివరికి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఫ్లాష్ ఆపేసి, టేబుల్ దీపం వెలుగును పక్క నుంచి వాలుగా పడనివ్వండి. అప్పుడు ఉబ్బెత్తు అక్షరాల అంచున సన్నని నీడ ఏర్పడి చెక్కడం తేలుతుంది. దీపాన్ని మెల్లగా జరుపుతూ చూడండి, ఒక్కో కోణంలో అదే నాణెం ఒక్కోలా కనిపిస్తుంది (నాకు అసలు సరదా ఇక్కడే). మరీ మెరిసే నాణెమైతే దీపానికి, నాణేనికి మధ్య పల్చని తెల్ల కాగితం అడ్డుపెట్టాలి.

ఫోనును మరీ దగ్గరకు తీసుకెళ్తే ఫోకస్ కుదరదు, పైగా దాని నీడే పడుతుంది. కాస్త ఎత్తున పుస్తకాల దొంతరపై ఆనించి, కొద్దిగా జూమ్ చేసి, టైమర్‌తో తీయండి.

ఫొటో కోసమని నాణేన్ని తోమకండి. గీతలు పడతాయి, సేకరించేవారి దృష్టిలో విలువ పడిపోతుంది.