ఆ మూడో పేరా గురించి

బాబూ,

మీ వీధి పాస్టరు గారి మాటకు జవాబుగా నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చాలా సంతోషం వేసింది. విశ్వాసం గురించి ఇంత పట్టుదలగా, ఇంత చదువుకుని రాసే పిల్లలు మన విచారణలో, అంటే మన గుడి పరిధిలో, ఎంతమంది ఉన్నారు చెప్పు. రెండోసారి ఆ పాస్టరు గారిని మనసులో పెట్టుకుని, ఆయన చదివినట్టుగా చదివాను. మూడో పేరా దగ్గర ఆగిపోయాను. ఆయన కూడా అక్కడే కాగితం పక్కన పెట్టేస్తారు. నువ్వు కష్టపడి రాసిన అసలు విషయం ఐదో పేరాలో ఉంది.

'మరియమ్మకు మొక్కేవాళ్లు విగ్రహారాధకులు' అని ఆయన కూటంలో అన్నారని నీ బాధ. నాకూ బాధే. జవాబు ఇవ్వాలి, ఇవ్వొద్దని నేను అనను. 787లో జరిగిన క్రైస్తవ మతపెద్దల రెండో నికేయా మహాసభ దేవునికి మాత్రమే చెందే ఆరాధన వేరు, స్వరూపాలకు, అంటే పవిత్ర చిత్రాలకూ ప్రతిమలకూ, చూపే గౌరవం వేరు అని తేల్చిన సంగతి చక్కగా రాశావు. ఆ రెండింటికీ గ్రీకులో వేర్వేరు మాటలున్నాయనీ రాశావు. మరి తెలుగులో సంగతేమిటి? గుడిలో గురువు దేవునికి అర్పించే దివ్యబలిని మనం 'పూజ' అంటాం. పండుగ కరపత్రంలో 'మరియమాత పండుగ పూజ' అని వేస్తాం. అది ఆ తల్లి పండుగనాడు దేవునికి అర్పించే బలి అని మనకు తెలుసు, పక్కింటాయనకు ఎలా తెలుస్తుంది? ఫిబ్రవరి 11న విజయవాడలో గుణదల మరియమాత కొండ దగ్గర తలనీలాలు ఇచ్చేవాళ్లనూ, కొబ్బరికాయలు కొట్టేవాళ్లనూ చూసినవాడికి ఆ అనుమానం రావడంలో దుర్బుద్ధి ఏముంది? దేవునికి చెందిన మహిమ ఇంకొకరికి పోతోందేమోనని ఆయన భయం. అది మంచి భయం. నీ వ్యాసం అక్కడ మొదలైతే ఆయన చివరిదాకా చదువుతారు. నువ్వేమో మూడో పేరాను 'అద్దె గదుల్లో పుట్టిన సంఘాలు' అనే ఎత్తిపొడుపుతో మొదలుపెట్టావు. అద్దె గదిలో ప్రార్థన చేసుకోవడం తప్పా? మన తొలి క్రైస్తవులు ఇళ్లలోనే కూడుకున్నారు కదా.

పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గురించి నీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. 1846లో మన విశాఖపట్నం వచ్చిన మిషనరీలు ఆయన పేరు పెట్టుకున్న సభవాళ్లే, ఫ్రాన్స్‌లోని అన్నెసీ నుంచి వచ్చారు. కతోలిక రచయితలకు ఆయనను పాలక పునీతునిగా 1923లో పదకొండవ పయస్ పోపుగారు ప్రకటించారు. అంటే నీకూ నాకూ ఆయనే పెద్ద దిక్కు.

1594లో ఆయన జెనీవా దగ్గర ఉన్న షబ్లే ప్రాంతానికి వెళ్లేనాటికి వయసు 27. అక్కడి జనం రెండు తరాలుగా ప్రొటెస్టెంటు బోధకుడైన కాల్విన్ బోధలో ఉన్నారు. అక్కడి థోనోన్ పట్టణంలో ఆయన ప్రసంగం వినడానికి జనం రాలేదు, రానివ్వలేదు కూడా. అప్పుడాయన కాగితాల మీద రాసి, నకళ్లు తీయించి, ఇళ్ల తలుపుల కింద నుంచి లోపలికి తోయించేవాడు. ఆ సన్నివేశాన్ని ఒకసారి ఊహించుకో. తలుపు మూసేసినవాడి కోసం రాయడం! ఒక్క తిట్టు కనిపిస్తే ఆ కాగితం పొయ్యిలోకి పోతుంది. ఆ కాగితాల్లో వాదన గట్టిగానే ఉంటుంది, సిద్ధాంతంలో ఎక్కడా తగ్గడు. కానీ చదివేవాడి మీద గౌరవం పోదు. 1597లో జెనీవా వెళ్లి, కాల్విన్ తర్వాత అక్కడ పెద్దగా ఉన్న తెయొదోర్ బేజాను కలుసుకుని మాట్లాడాడు. బేజా మారలేదు. అయినా ఆయన మళ్లీ వెళ్లాడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. 1598 నాటికి షబ్లే జనం చాలామంది కతోలిక శ్రీసభలోకి (చర్చిలోకి) తిరిగి వచ్చారంటే అందులో ఆ ప్రాంతాన్ని ఏలే సవోయ్ ప్రభువు అధికారం, ఒత్తిడి కూడా ఉన్నాయి. ఫ్రాన్సిస్ గురించి రాసే భక్తులు చాలామంది ఆ మాట దాటేస్తారు. నువ్వు దాటేయకు. సత్యం కోసం నిలబడేవాడు తన వాళ్ల తప్పు దగ్గర కూడా నిలబడాలి.

ఇంకోటి. ఆయన మెతక మనిషి అనుకోవద్దు. పరనింద గురించి రాస్తూ, మందలో తోడేలు పడినప్పుడు కేక వేయడం కూడా ప్రేమే అన్నాడు. అదే చోట, నిందించేవాడు ఒక్క మాటతో మూడు హత్యలు చేస్తాడని కూడా అన్నాడు: తన ఆత్మను, విన్నవాడి ఆత్మను, ఎవరిని గురించి అన్నాడో అతని పరువును. మీ పాస్టరు గారు తోడేలా, దారి తెలియక అడిగిన మనిషా? రాసేముందు తేల్చుకోవలసింది నువ్వే.

ఇది నా అనుభవం మీద చెబుతున్నాను. నాకు నీ వయసున్నప్పుడు, ఒక విచారణలో మతబోధ చేసే ఉపదేశి గారు పండుగ చందాలో కొంత సొంతానికి వాడుకున్నారని తెలిసింది. నిజమే, లెక్కలు నేను చూశాను. ఒక చిన్న పత్రికలో రాశాను. పేరు వేయలేదు, కానీ ఊరందరికీ తెలిసిపోయింది. భార్య ఆపరేషన్‌కు వాడి, నెలనెలా కొంత తిరిగి కడుతున్నారని నాకు తర్వాత తెలిసింది. ముందు అడిగి ఉంటే ఆయనే చెప్పేవారు. గురువుల (ఫాదరు గారి) దగ్గరికి వెళ్లి 'నేను రాసింది అబద్ధం కాదు కదా' అన్నాను. ఆయన ఒకటే అడిగారు: 'ఎవరికి చెప్పాల్సిన మాట ఎవరికి చెప్పావు?' సరైన కారణం లేకుండా ఇతరుల నిజమైన తప్పును తెలియనివాళ్లకు బయటపెట్టడం కూడా పాపమేనని శ్రీసభ బోధల గ్రంథమైన సత్యోపదేశం చెబుతుంది. అబద్ధం ఆడితేనే పాపమనుకునేవాణ్ణి నేను. ఆరేళ్ల తర్వాత ఉపదేశి గారి ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసి, టీ ఇప్పించారు. ఆ సంగతి ఎత్తలేదు. నేను ఎత్తబోతే 'పోనీండి' అన్నారు. ఆయన పిల్లలు మాత్రం ఆ తర్వాత గుడి గడప తొక్కలేదు. గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను, క్షమాపణ దొరికింది. ఆ పిల్లలు ఇంకా నాకు గుర్తొస్తూనే ఉంటారు.

యేసుసభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా తన 'ధ్యానసాధనలు' పుస్తకం మొదట్లోనే ఒక పద్ధతి చెప్పాడు. పొరుగువాడి మాటను ఖండించడం కంటే దానికి మంచి అర్థం తీయడానికే ముందు సిద్ధపడాలి. కుదరకపోతే ఏ అర్థంలో అన్నావని అతన్నే అడగాలి. తప్పుగా అర్థం చేసుకున్నాడని తేలితే ప్రేమతో సరిదిద్దాలి. ఇన్నేళ్లలో నాకు రచయితగా ఇంతకంటే పనికొచ్చిన సలహా దొరకలేదు. అడగడం అనే మెట్టును మనం ఎప్పుడూ ఎగ్గొడతాం. అడిగితే వాదన పస తగ్గుతుందని భయం. నాకైతే అడిగిన ప్రతిసారీ వ్యాసం బాగుపడింది.

కాబట్టి మూడో పేరా మొత్తం తీసేయి. నికేయా పేరా ఒక్క అక్షరం కూడా మార్చకు. ఎవరైనా 'ఇవన్నీ ఎందుకు, అందరం ఒకటే కదా' అని దాన్ని తీయించాలని చూస్తే ఒప్పుకోకు, అది కూడా ఆ పాస్టరు గారికి అన్యాయమే. ఆయన అడిగింది నిజమైన ప్రశ్న. 'పూజ' అనే మాట గురించి ఒక పేరా కొత్తగా రాయి. తర్వాత పత్రికకు పంపకముందే ఆ కాగితాలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లు. 'మీ మాట నేను సరిగ్గానే చెప్పానా అండీ?' అని అడుగు. టెన్షన్ పడకు, మహా అయితే కాదంటారు.

ఆదివారం రెండో పూజ తర్వాత ఇంట్లోనే ఉంటాను. ఆయన ఏమన్నారో వచ్చి చెప్పు. వస్తానంటే ఆయన్నీ తీసుకురా, భోజనాలు ఇక్కడే చేద్దాం.

ఆశీస్సులతో.