అరికాళ్ల తిమ్మిరికి బి-కాంప్లెక్స్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 54. శాకాహారిని. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అసిడిటీకి రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటాను. పాలు పడక మానేశాను, పలచటి మజ్జిగ మాత్రం తాగుతాను. నీరసంగా ఉందంటే మందుల షాపులో బి-కాంప్లెక్స్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. ఆరు నెలలుగా అవే వాడుతున్నాను. బి విటమిన్లు ఏయే ఆహార పదార్థాల్లో ఉంటాయి? మాత్ర ఉదయం వేసుకోవాలా, రాత్రా? అరికాళ్లు కాస్త తిమ్మిరిగా ఉంటున్నాయి కానీ అది షుగర్ వల్లే అనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్ర ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా పెద్ద తేడా లేదమ్మా. నాకు ఆందోళన కలిగించింది మీరు చివర్లో, పోనీలే అన్నట్టు రాసిన తిమ్మిరి.

షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం మామూలే. మీ విషయంలోనూ అదే కావచ్చు. కానీ విటమిన్ బి12 లోపం కూడా సరిగ్గా అలాగే మొదలవుతుంది. రెండూ కలిసి ఉండడమూ అరుదు కాదు. మిమ్మల్ని చూడకుండా ఏదని తేల్చి చెప్పలేను. మీరు రాసినదాన్ని బట్టి మాత్రం బి12 తగ్గడానికి దారులన్నీ తెరిచే ఉన్నాయి. ఈ విటమిన్ సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. పెద్దవారికి రోజుకు 2 నుంచి 2.5 మైక్రోగ్రాములు కావాలి. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. నీళ్లు ఎక్కువ పోసి చేసిన మజ్జిగలో ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. పైగా ఆహారంలోని బి12 విడివడాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, దాన్ని మీరు రోజూ మాత్రతో తగ్గిస్తున్నారు. ఆపై అది పేగుల్లోంచి ఒంటికి పట్టడాన్ని మెట్‌ఫార్మిన్ కొంత అడ్డుకుంటుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోపం కొన్నేళ్ల పాటు బయటపడదు.

అలాగని మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపేయకండి. అది మంచి మందు. ఏళ్ల తరబడి వాడేవారికి అప్పుడప్పుడు బి12 పరీక్ష చేయించాలి, అంతే.

ఇక ఫోలిక్ యాసిడ్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు, కొన్ని రకాల రక్తహీనతకు అది ఎంతో మేలు చేసిన మందు. కానీ బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. రక్తం బాగుందన్న రిపోర్టు చూసుకుని మనిషి నిశ్చింతగా ఉండిపోతాడు. మీరు వేసుకునే బి-కాంప్లెక్స్‌లో బి12 ఉంటుంది కదా అంటారేమో. కొన్నింట్లో అసలు ఉండదు, ఉన్నా చాలావాటిలో కొద్ది మైక్రోగ్రాములే. నిజంగా లోపం ఉంటే చికిత్సకు ఇచ్చే మోతాదు సాధారణంగా 1000 మైక్రోగ్రాములు. మాత్రా, ఇంజెక్షనా అన్నది పరీక్షించిన డాక్టరు నిర్ణయించాలి.

‘నరాల బలానికి’ అని షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. వాటిలో కొన్నింట్లో బి6 ఎక్కువ మోతాదులో ఉంటుంది. అది నెలల తరబడి మితిమీరితే అదే తిమ్మిరి తెప్పిస్తుంది. అప్పుడు ఆ తిమ్మిరికి ఇంకో మాత్ర తెచ్చుకుంటారు! షాపులో ఉన్నాయన మీ పాదం ముట్టుకుని చూడడు కదా.

మా దగ్గరికి వస్తే శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి కాలి బొటనవేలి ఎముకపై ఆనించి, ‘అదురు తెలుస్తోందా, ఎప్పుడు ఆగింది?’ అని అడుగుతాం. కొందరికి అది మోగుతూనే ఉంటుంది, ‘ఆగిపోయింది డాక్టర్’ అంటారు. నరాలు దెబ్బతిన్నాయనడానికి అదో గుర్తు. ఇంట్లో మీరు గమనించాల్సినవి రెండు. నడుస్తుంటే తెలియకుండానే చెప్పు జారిపోతోందా? ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలుతున్నారా? వీటిలో ఏది ఉన్నా, లేదా మతిమరుపు, నాలుక మంట, నడకలో తడబాటు ఉన్నా ఆలస్యం చేయకండి. నరాల దెబ్బ నెలల్లో పట్టుకుంటే చాలావరకు కోలుకుంటుంది. ఏళ్లు గడిస్తే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఆరు నెలలు ఇప్పటికే పోయాయి.

మీరు అడిగిన ఆహారం సంగతి. బి12 తప్ప మిగతా బి విటమిన్లు శాకాహారంలో బాగానే దొరుకుతాయి. పప్పులు, పల్లీలు, ఆకుకూరలు, దంపుడు బియ్యం, చిరుధాన్యాలు మార్చి మార్చి తినండి. బియ్యం పదేపదే కడిగి, గంజి వార్చి పారబోస్తే బి1 దానితోపాటే పోతుంది. ఏ ఒక్క ధాన్యాన్నీ పట్టుకు వేలాడవద్దు. జొన్నలే ముఖ్యాహారమైన పేదల్లో నియాసిన్ (బి3) లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బును పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ బృందం హైదరాబాద్‌లో పరిశీలించింది. జొన్న చెడ్డదని కాదు, దాని పక్కన పప్పు, పాలు లేకపోవడమే చిక్కు. పులిసిన ఇడ్లీ పిండిలో బి12 బోలెడంత ఉంటుందని ఫోన్లలో తిరిగే సందేశాలను నమ్ముకోకండి. పాలు పడకపోతే పెరుగు సరిపడుతుందేమో చూడండి. చాలామందికి పడుతుంది. అయితే ఇప్పటికే లోపం ఉంటే పెరుగుతో పూడేది కాదు.

ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి రక్తకణాల పరీక్ష, బి12, మూడు నెలల షుగర్ సగటు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి. పరీక్షకు ముందు కొత్తగా బి12 మాత్రలు మొదలుపెట్టకండి, ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. జుట్టుకని బయోటిన్ (ఇదీ ఒక బి విటమినే) వాడుతుంటే ముందే చెప్పండి, థైరాయిడ్ లెక్కలు తారుమారవుతాయి. అసిడిటీ మాత్ర ఇంకా అవసరమా అని కూడా అడగండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ, షాపులో కొన్నవాటితో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.