గోదావరి వెంట కారులో వెళ్లాలంటే సిరోంచ వైపు రండి

గోదావరి పక్కన చిన్న ఊళ్ల మీదుగా కారులో వెళ్లడానికి ఏ దారి మంచిదని అడిగారు. అందరూ భద్రాచలం, పాపికొండలు అనే చెబుతారు. నన్నడిగితే మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, ప్రాణహిత వంతెన దాటి మా సిరోంచకు రండి. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అయినా ఇంట్లోనూ బజారులోనూ తెలుగే.

అసలు ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం దిగువన మీరు చూసేది పేరుకే గోదావరి. నీళ్లు ప్రాణహితవి. గోదావరిని పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి ఆనకట్టలు ఆపుకుంటూ వస్తాయి. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అయ్యాక మా ఊరి దాకా దాని మీద ఒక్క పెద్ద ఆనకట్టా లేదు.

నిరుడు వానలు మొదలయ్యాక వరంగల్ నుంచి మా బావమరిది కుటుంబంతో కాళేశ్వరం వచ్చాడు. ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకు దండం పెట్టుకుని, “గోదావరి చూసేశాం, ఇక వెళ్తాం బావా” అని ఫోను చేశాడు. చూడలేదు, వంతెన దాటి ఇవతలికి రా అన్నాను. మా ఒడ్డుకు తీసుకెళితే ఒకవైపు ఎర్రటి వరద, అందులో వేళ్లతో సహా కొట్టుకొస్తున్న చెట్లు. రెండో వైపు ఇసుక మేటల మధ్య సన్నటి పాయలు. వల బాగుచేసుకుంటున్న ముసలాయనను “ఇందులో గోదావరి ఏది తాతా?” అని వీడు అడిగాడు. ఆయన తల కూడా ఎత్తలేదు. “గోదావరి ఇంకా రాలేదు బాబూ. వచ్చింది ప్రాణహితే” అన్నాడు.

బావమరిది కాసేపు నసిగి, “మరి ఈ సంగతి రాజమండ్రి వాళ్లకు తెలుసా?” అన్నాడు. తెలిసినా ఒప్పుకోరు అన్నాను. 2022 ఏప్రిల్‌లో ప్రాణహితకు పుష్కరాలు జరిగితే ఎంతమంది కోస్తా వాళ్లు వచ్చారట?

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మేడిగడ్డ బరాజ్ మా ఒడ్డును తాకేది పోచంపల్లి దగ్గర. 2023 అక్టోబరులో అక్కడ కుంగిన స్తంభాల గురించి దేశమంతా మాట్లాడింది. అదే పోచంపల్లి దగ్గర బరాపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు దొరికాయని ఎందరికి తెలుసు? వాటిని చూడాలంటే కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వెళ్లాలి. మా పిల్లలు పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసుకుంటారు.

సిరోంచ నుంచి అంకీస, ఆసరెల్లి మీదుగా ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూరు వరకు వెళ్లండి. ఉత్తరాన ఆలపల్లి వైపు మాత్రం వానాకాలంలో కారు తిప్పకండి. టేకు అడవి అందంగానే ఉంటుంది కానీ, ఆ రోడ్డు గుంతల్లో మా బంధువుల బండి ఇరుసు విరిగింది. జిల్లా కేంద్రానికి పనిమీద వెళ్లే మాకు వేరే దారి లేదు, మీకేం ఖర్మ? పెట్రోలు సిరోంచలోనే నింపుకోండి, జులై దాటాకే రండి.