పాలు తాగే పసికందుకు విడిగా నీళ్లు కావాలా?

పాఠకుల ప్రశ్నలు – పిల్లల వైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు 18 రోజులు. తల్లిపాలే తాగుతోంది. ఎండలు ముదిరాయి. పాలతో దాహం తీరదని, రోజుకు నాలుగైదు చెంచాల కాచి చల్లార్చిన నీళ్లయినా పట్టమని మా అత్తగారు అంటున్నారు. ఆస్పత్రిలోనేమో చుక్క నీళ్లు కూడా వద్దన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆస్పత్రిలో చెప్పిందే సరైన మాటమ్మా. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా నీళ్లు అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా ఇదే. డాక్టర్ రాసిన చుక్కల మందులు, విటమిన్లు, అవసరం పడితే ఓఆర్‌ఎస్ మాత్రం ఇవ్వవచ్చు.

అయితే మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. పుట్టిన బిడ్డ బరువులో దాదాపు 75 శాతం నీరే. ఆ నీరు తగ్గితే పెద్దవాళ్లకన్నా పసివాళ్లు చాలా త్వరగా నీరసిస్తారు. ఆవిడ భయం నిజమైనదే గానీ దానికి మందు నీళ్లు కాదు, పాలు. తల్లిపాలలో 87 నుంచి 88 శాతం నీరే ఉంటుంది. నెల దాటిన బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తాగిందంటే అందులో 650 మిల్లీలీటర్ల నీళ్లు తాగినట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒంట్లో పోగయ్యే ఉప్పును, ప్రోటీన్ వ్యర్థాలను బయటికి పంపడానికి కిడ్నీలకు నీరు ఖర్చవుతుంది. పెద్దవాళ్ల కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరిచి నీటిని మిగుల్చుకోగలవు. పసిబిడ్డ కిడ్నీలకు ఆ శక్తి సుమారు సగమే ఉంటుంది. తల్లిపాలు దానికి తగ్గట్టే ఉంటాయి. 100 మిల్లీలీటర్లకు ప్రోటీన్ ఒక గ్రాము, అటూ ఇటూ. ఆవుపాలలో అది 3 గ్రాములు దాటుతుంది. వ్యర్థాలు తక్కువ కాబట్టి వాటిని కడిగి పంపడానికి పట్టే నీరూ తక్కువే. మిగిలిన నీరు చెమటకు, ఊపిరికి సరిపోతుంది. బాగా వేడిగా ఉండే చోట్ల కేవలం తల్లిపాలు తాగే పిల్లల మూత్రాన్ని పరీక్షించి చూసినా, నీరు చాలని లక్షణాలు కనిపించలేదు.

ఎండ రోజుల్లో మీరు చేయాల్సిందల్లా ఇంకాస్త తరచుగా పాలివ్వడం. మామూలుగా 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగే బిడ్డ ఇంకో రెండు మూడు సార్లు అడగవచ్చు. మొదట వచ్చే పాలు పలచగా ఉంటాయి, చివరికొచ్చేసరికి కొవ్వు పెరుగుతుంది. దాహం వేసిన బిడ్డ ఆ మొదటి పాలు తాగి, కాసేపటికే రొమ్ము వదిలేసి, గంట తిరక్కుండా మళ్లీ ఏడుస్తుంది. దాన్ని చూసి పాలు చాలడం లేదనుకోకండి. బిడ్డ తన దాహం తానే తీర్చుకుంటోంది.

ప్రశ్న: ఒకటి రెండు చెంచాల నీళ్లతో నిజంగా అంత నష్టం జరుగుతుందా?

జవాబు: ఎప్పుడో ఒకసారి ఒక చెంచా పట్టేశామని కంగారు పడొద్దు, ఇకమీదట మానేస్తే చాలు. నష్టం జరిగేది అది అలవాటైనప్పుడు, కొలత పెరిగినప్పుడు.

ముందుగా పొట్టలో చోటు సంగతి. మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కోసారి తాగే ముర్రుపాలు 2 నుంచి 10 మిల్లీలీటర్లే. రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజుకు 30 నుంచి 60. రెండో రోజు బిడ్డకు 30 మిల్లీలీటర్ల నీళ్లు పట్టారంటే కనీసం రెండుసార్లు తాగాల్సిన పాల చోటు నీళ్లకు ఇచ్చేసినట్టే. ఆ నీళ్లలో శక్తి లేదు, కొవ్వు లేదు, ముర్రుపాలలో ఉండే రక్షణ పదార్థాలు లేవు. కడుపు నిండినట్టు అనిపించి బిడ్డ పడుకుంటుంది, తల్లి రొమ్ములో పాలు అలాగే ఉండిపోతాయి. రొమ్ము ఖాళీ అయితేనే మళ్లీ పాలు ఊరుతాయి. ఖాళీ కాకపోతే ఉత్పత్తి తగ్గుతుంది. వారం పది రోజులకు నిజంగానే పాలు చాలవు. అప్పుడు ఇంట్లోవాళ్లు ‘చూశావా, నీకు పాలు లేవు’ అంటారు. చాలా ఇళ్లలో డబ్బా పాలు మొదలయ్యేది ఇలాగే.

తర్వాత సోడియం, అంటే ఉప్పులో ఉండే లవణం. రక్తంలో అది లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. పసిబిడ్డ కిడ్నీలు ఎక్కువైన నీటిని వెంటనే బయటికి తోయలేవు. నీళ్లు పోస్తూ పోతే రక్తం పలచబడి సోడియం పడిపోతుంది, నీరు మెదడు కణాల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. సోడియం 125 కన్నా దిగితే ఫిట్స్ రావచ్చు. అంతకుముందే బిడ్డ మగతగా ఉంటుంది, ఒళ్లు చల్లబడుతుంది, ముఖం ఉబ్బరిస్తుంది, పాలు సరిగా లాగదు. నీళ్లు ఎక్కువగా పట్టిన బిడ్డలో ఇవి కనిపిస్తే ఇంట్లో చేసేది ఏమీ లేదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎన్ని నీళ్లు పట్టారో దాచకుండా చెప్పండి. చికిత్స దాన్నిబట్టే ఉంటుంది.

కాచిన నీళ్లే కదా అనుకున్నా గిన్నె, చెంచా, సీసా పీక, చేతులు వీటిలో ఏ ఒక్కటి శుభ్రంగా లేకపోయినా విరేచనాలు పట్టుకుంటాయి. పంచదార కలిపితే పాలమీద ఆకలి ఇంకా చస్తుంది. తేనె కలపడం మరీ ప్రమాదం. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బాట్యులిజం అనే జబ్బు రావచ్చు, అది కండరాలను చచ్చుబడేస్తుంది.

ప్రశ్న: మరి బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తెలిసేదెలా?

జవాబు: నీళ్లు పట్టాలనిపించిన ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. మూత్రం లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు, అయిదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు పోయాలి. డైపర్ వాడితే తడిసిందో లేదో చేతికి సరిగా తెలియదు. ఒక పొడి డైపర్ తీసుకుని అందులో మూడు పెద్ద చెంచాల నీళ్లు, అంటే 45 మిల్లీలీటర్లు పోసి చేత్తో పట్టుకుని చూడండి. బాగా తడిసిన డైపర్ బరువు ఎంతో తెలిసిపోతుంది.

మూత్రం రంగు లేత పసుపుగానో, రంగు లేనట్టుగానో ఉండాలి. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డమీద ఇటుకపొడి రంగు మరక కనిపిస్తే అది మూత్రంలో ఉండే యూరేట్ అనే లవణపు స్ఫటికాల వల్ల. దానికి భయం లేదు. అయిదో రోజు తర్వాత కూడా అదే మరక వస్తుంటే పాలు సరిగా అందడం లేదని అర్థం.

మలం కూడా చూడండి. మొదట నల్లగా, జిగురుగా వచ్చేది మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చకు తిరిగి, అయిదో రోజుకల్లా పసుపు పచ్చగా మారాలి. అయిదో రోజుకూ నల్లగానే వస్తుంటే డాక్టరుకు చూపించండి. బరువు మొదటి రోజుల్లో 7 శాతం దాకా తగ్గడం మామూలే. 10 శాతం తగ్గితే మాత్రం ఆలస్యం చేయకూడదు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి, ఆపైన రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి.

పెదవులు ఎండినట్టు ఉన్నాయనో, పెదవి మధ్యలో చిన్న బొబ్బ కనిపించిందనో నీళ్లు పట్టకండి. ఆ బొబ్బ పాలు చీకడం వల్ల వచ్చేది. చూడాల్సింది నోటి లోపల. నాలుక, చిగుళ్లు తడిగా ఉండాలి. నడినెత్తిన మెత్తగా తగిలే మాడును బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిటారుగా ఎత్తుకుని తడమండి. గుంట పడినట్టుంటే, లేపినా లేవకుండా నిద్రపోతుంటే, ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం పోయకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇలాంటి బిడ్డకు కూడా ఇంట్లో నీళ్లు పట్టకండి. పాలు చాలక ఎండిపోయిన బిడ్డ రక్తంలో సోడియం తరచుగా 145 దాటి పెరిగి ఉంటుంది. దాన్ని నెమ్మదిగా దించాలి. ఒక్కసారిగా మామూలు నీళ్లు పోస్తే మెదడు వాస్తుంది. దారిలో పాలు తాగగలిగితే తాగించండి.

ప్రశ్న: నాలుగో రోజు బాబుకు కామెర్లు వచ్చాయి. గ్లూకోజ్ నీళ్లు పడితే మూత్రంలో పోతాయా?

జవాబు: పోవు. కామెర్లకు కారణమైన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఎక్కువగా బయటికి పోయేది మలంలో. మలం పేగుల్లో నిలిచిపోతే ఆ బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకి చేరుతుంది. మలాన్ని కదిలించేది పాలు. గ్లూకోజ్ నీళ్లు పాలు తాగడాన్ని తగ్గించి కామెర్లను పెంచగలవు. రెండు మూడు గంటలకోసారి లేపి అయినా పాలివ్వండి. లైటు కింద ఉంచినప్పుడు కూడా అంతే. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ మగతగా ఉన్నా, మలం తెల్లగా పాలిపోయినట్టు వచ్చినా అదే రోజు చూపించాలి.

ప్రశ్న: డబ్బా పాలు తాగే బిడ్డ సంగతేమిటి? వేడి చేస్తుందని కాస్త పలచగా కలుపుతున్నాం.

జవాబు: ఈ రోజు నుంచే ఆపేయండి. పలచన చేస్తే బరువు పెరగదు, సోడియం పడిపోతుంది. చిక్కగా కలిపితే కిడ్నీలమీద భారం, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. డబ్బామీద రాసిన కొలతే కొలత. కొన్ని పొడులకు ఒక స్కూపుకు 30 మిల్లీలీటర్ల నీళ్లు, కొన్నిటికి వేరే లెక్క. ఒక డబ్బా స్కూపు ఇంకో డబ్బాకు వాడకండి.

30 లెక్క ఉన్న పొడి అయితే ముందు సీసాలో 90 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, తర్వాత మూడు స్కూపులు వేయాలి. స్కూపును అదమకుండా నింపి, పైన కత్తి వెనకవైపుతో గీసేయాలి. పొడి ముందు వేసి 90 గీత దాకా నీళ్లు పోస్తే నీళ్లు తగ్గి పాలు చిక్కనవుతాయి. పొడిలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు కాబట్టి నీళ్ల వేడి 70 డిగ్రీలకు తగ్గకూడదు. మరిగించి దించాక అరగంట దాటకుండా కలపండి. తర్వాత సీసాను చల్లటి నీటిధార కింద తిప్పి, మణికట్టు లోపలివైపు చుక్క వేసుకుని గోరువెచ్చన అయ్యాకే పట్టండి. కలిపిన పాలు రెండు గంటల్లో వాడేయాలి, తాగగా మిగిలినవి పారబోయాలి.

మొదటి వారం దాటాక కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు లెక్క. 4 కిలోల బిడ్డకు 600, ఎనిమిదిసార్లుగా ఇస్తే ఒక్కోసారి 75. సరిగా కలిపిన పాలలోనే కావాల్సిన నీరుంది. ఎండ బాగా ఉన్న రోజు ఇంకోసారి అడిగితే పాలే ఇవ్వండి. విడిగా నీళ్లు అవసరమో కాదో బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: ఎక్కిళ్లు వస్తే? నాలుక తెల్లగా ఉంటే?

జవాబు: రెంటికీ నీళ్లు వద్దు. ఎక్కిళ్లు వాటంతటవే తగ్గుతాయి. కావాలంటే భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి, లేదా ఇంకాసేపు పాలివ్వండి. నాలుకమీద తెలుపు తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే పోయేదైతే అది పాల పూత. పోకుండా బుగ్గల లోపల కూడా ఉంటే ఫంగస్ వల్ల వచ్చే నోటిపూత కావచ్చు, మందు వేయాలి.

ప్రశ్న: తల్లి ఎక్కువ నీళ్లు తాగితే బిడ్డకు దాహం తీరుతుందా?

జవాబు: తల్లి తన దాహం తీరేటంత తాగితే చాలు. బలవంతంగా తాగినందువల్ల పాలు పెరగవు. పాలిచ్చేటప్పుడు దాహం వేయడం మామూలే, పక్కన ఒక గ్లాసు పెట్టుకోండి.

ప్రశ్న: జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడైనా నీళ్లు పట్టొచ్చా?

జవాబు: మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వచ్చిందంటే గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి వెళ్లాలి. విరేచనాలైతే పాలు ఆపకుండా ఇంకా తరచుగా ఇవ్వండి. పోయిన లవణాలను మామూలు నీళ్లు భర్తీ చేయలేవు. ఓఆర్‌ఎస్ ఎంత, ఎన్నిసార్లు అన్నది డాక్టర్ చెప్పినట్టు ఇవ్వండి. తల్లిపాలు తాగే బిడ్డ మలం మామూలుగానే పలచగా, గింజలు గింజలుగా ఉంటుంది. రోజూ వచ్చేదానికన్నా ఒక్కసారిగా నీళ్లలా మారినా, లెక్క పెరిగినా, రక్తం కనిపించినా అప్పుడు అది జబ్బు.

ప్రశ్న: ఆరు నెలలు నిండాక ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఘనాహారంతో పాటే మొదలుపెట్టండి. తిన్న తర్వాత చిన్న కప్పుతో రెండు మూడు గుక్కలు. రోజు మొత్తంమీద 120 నుంచి 240 మిల్లీలీటర్లు దాటనక్కర్లేదు, ఏడాది దాకా ప్రధాన పానీయం పాలే. సీసా కన్నా కప్పు మంచిది. శుభ్రం చేయడం తేలిక, ఎంత తాగిందో మీకు కనిపిస్తుంది. పాలకు ముందు మాత్రం నీళ్లు పట్టకండి.