బీపీ మాత్రలు వేసుకుంటే బరువు పెరుగుతామా?

అన్ని మాత్రలతోనూ కాదు, మీరు వేసుకునేది ఏ రకమో చూడాలి. బరువు విషయంలో ముఖ్యంగా అనుమానించాల్సింది అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లను. ఇవి గుండె వేగాన్ని, ఒంట్లో కేలరీల ఖర్చును కాస్త తగ్గిస్తాయి. నీరసంగా ఉండి నడక కూడా తగ్గుతుంది. అయినా పెరిగేది సగటున 1 కిలో అటూ ఇటూ, అదీ మొదటి కొన్ని నెలల్లోనే. పది కిలోలు పెరిగి మాత్రను తిట్టుకుంటే మాత్రం అన్యాయమే!

ఆమ్లోడిపిన్ సంగతి వేరు. దానితో వచ్చేది కొవ్వు కాదు, పాదాల వాపు. సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి చీలమండల దగ్గర చేరుతుంది. సాయంత్రానికి సాక్సు అంచు గుర్తు లోతుగా పడుతుంది, వేలితో నొక్కితే గుంట కనిపిస్తుంది. 5 మిల్లీగ్రాముల కన్నా 10 మిల్లీగ్రాముల డోసుతో ఇది ఎక్కువ. నీటి మాత్రతో (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) పెద్దగా తగ్గదు. డోసు తగ్గించడమో, టెల్మిసార్టాన్ లాంటి మరో బీపీ మందు జత చేయడమో డాక్టర్లు చేస్తుంటారు.

మిగతా బీపీ మాత్రల్లో రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో కొందరికి వదలని పొడి దగ్గు వస్తుంది. మందు మారిస్తే పోతుంది. నీటి మాత్రలతో సోడియం, పొటాషియం పడిపోవచ్చు, అప్పుడప్పుడు రక్తపరీక్ష అవసరం.

ఏదైనా సరే, సొంతంగా ఆపేయకండి. బీటా బ్లాకర్ ఉన్నట్టుండి మానేస్తే గుండెదడ, ఛాతీనొప్పి రావచ్చు. రెండు మూడు రోజుల్లోనే 2 కిలోలు పెరిగి ఆయాసం కూడా ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.