ఆ ఉత్తరం ఎవరి పెట్టెలో దొరికింది?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

లింకన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నడిపించడం నీకు చేతనవును. చిక్కంతా రెండో పేరాలో ఉంది. 1862 ఆగస్టు 22న ఆయన పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసిన ఉత్తరంలోంచి ఒక్క ముక్క తీసుకున్నావు: ఒక్క బానిసనీ విడిపించకుండా యూనియన్‌ని, అంటే రాష్ట్రాల ఐక్యతని, కాపాడగలిగితే అలాగే కాపాడతాను, అన్నది. దాంతో ఆయనకి బానిసల గోడు పట్టలేదని తేల్చేశావు.

అదే ఉత్తరం చివరిదాకా చదువు. ఇది పదవి కొద్దీ చెప్పిన మాట, మనుషులంతా ఎక్కడున్నా స్వేచ్ఛగా ఉండాలన్న నా సొంత కోరిక మారలేదు అంటాడు. పైగా దానికి సరిగ్గా నెల ముందే, జూలై 22న, బానిసల విముక్తి ప్రకటన చిత్తుప్రతిని మంత్రులకు చదివి వినిపించాడు. యుద్ధంలో ఒక గెలుపు వచ్చేదాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవార్డ్ చెబితే ఆపి ఉంచాడు. గ్రీలీకి రాసింది ఊరంతా చదవాలని రాసిన బహిరంగ లేఖ. గ్రీలీ పత్రిక న్యూయార్క్‌లో ఉంటే, లింకన్ దాన్ని వాషింగ్టన్ పత్రికలో అచ్చు వేయించాడు. ఈ సంగతులు పక్కన పెట్టుకుని చూస్తే ఆ ముక్కకి అర్థమే మారిపోతుంది.

కాబట్టి ఉత్తరం చేతికొచ్చాక మొదట చూడాల్సింది అందులోని విషయం కాదు, అది ఎవరి కాగితాల్లో దొరికిందన్నది. పంపిన ఉత్తరం అందుకున్నవాళ్ల ఇంట్లో ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న లింకన్ కాగితాల్లో ఎక్కువ భాగం ఆయనకి వచ్చినవే. కొడుకు రాబర్ట్ వాటిని అప్పగిస్తూ, తను పోయాక 21 ఏళ్లదాకా తెరవకూడదని షరతు పెట్టాడు. 1947 జూలై 26న గానీ తెరవలేదు. ఆ కట్టల్లో లింకన్ చేతిరాతతోనే ఉత్తరం కనిపిస్తే, అది చిత్తుప్రతో, నకలో, అసలు పంపనిదో అయి ఉండొచ్చని అనుమానించాలి. 1863 జూలై 14న తన సేనాని జనరల్ మీడ్‌కి రాసినది అలాంటిదే. గెటీస్‌బర్గ్ యుద్ధం గెలిచాక కూడా శత్రుసేనాని లీ సైన్యాన్ని పొటోమాక్ నది దాటిపోనిచ్చినందుకు, బంగారంలాంటి అవకాశం చేజారింది, నా బాధకి కొలత లేదు అని రాశాడు. కవరు మీద మాత్రం ఆయన రాతే: జనరల్ మీడ్‌కి, పంపలేదు, సంతకం చేయలేదు. ఆ కవరు చూడనివాళ్లు "లింకన్ మీడ్‌ని కడిగిపారేశాడు" అని రాసేస్తారు. మీడ్‌కి ఆ కాగితం అందనే లేదు.

చదవడం గురించి. గొలుసుకట్టు తెలుగు రాత చదివిన కళ్లకి ఆనాటి ఇంగ్లీషు చేతిరాత పెద్ద కష్టం కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో రెండు 'ఎస్'లు పక్కపక్కన వస్తే మొదటిది 'ఎఫ్'లా సాగుతుంది. కాంగ్రెస్ కాస్తా కాంగ్రెఫ్స్‌లా కనిపిస్తుంది. అర్థంకాని పదాన్ని ఊహించి నింపకు, ఖాళీ వదిలి ముందుకి వెళ్లు. రెండు పేజీలయ్యాక వెనక్కి వచ్చి, అదే చేతి అక్షరం నీకు తెలిసిన పదంలో, నెల పేరులోనో "మై డియర్ సర్"లోనో, ఎలా తిరిగిందో పోల్చు. లక్కముద్ర వేసినచోట కాగితం చిరిగి రెండు మూడు పదాలు పోతాయి. 1845కి ముందు తపాలా రుసుము కాగితాల లెక్కన ఉండేది గనక కవరు ఖర్చు దండగని ఉత్తరాన్నే మడిచి పైన చిరునామా రాసేవాళ్లు. వెనకవైపు అడ్డంగా ఉండే చిన్న రాతనీ వదలకు. అది అందుకున్న గుమాస్తా రాసిన పేరు, తేదీ, విషయం. పలచటి కాగితం మీద అలుక్కుపోయినట్టున్న రాత కనిపిస్తే అది ప్రెస్ నకలు: తడిపిన కాగితాన్ని సిరా మీద నొక్కి తీసేవాళ్లు, అక్షరాలు తిరగబడి పడితే వెనకనుంచి చదివేవాళ్లు.

తేదీల్లో ఒక ఉచ్చు ఉంది. జూలై 20న రాస్తూ "14 ఇన్‌స్టంట్" అంటే ఈ నెల 14. "14 అల్టిమో" అంటే పోయిన నెల, జూన్ 14. అంకెల్లో రాస్తే నెల ముందు, తేదీ తర్వాత. ఇక "మీ విధేయ సేవకుడు" అని ముగిస్తే వినయం అనుకోకు. అది మన "ఉభయకుశలోపరి" లాంటిది, ఇద్దరూ కత్తులు నూరుకుంటున్నా ఉంటుంది.

పాత అచ్చుపుస్తకాలంటే మాత్రం జంకు. 1830లలో జారెడ్ స్పార్క్స్ అనే సంపాదకుడు జార్జ్ వాషింగ్టన్ ఉత్తరాలు వేస్తూ, సేనాని పట్నమ్‌ని ఆయన చనువుగా "ఓల్డ్ పట్" అన్నచోట "జనరల్ పట్నమ్" అని దిద్దాడు. మర్యాద నిలిచింది, మనిషి పోయాడు. స్కాన్ ఉంటే స్కానే చూడు. స్కానే లేని ఉత్తరాలూ ఉన్నాయి. 1864 నవంబరులో బిక్స్‌బీ అనే తల్లికి లింకన్ పేరుతో వెళ్లిన ఓదార్పు లేఖ అసలు ప్రతి ఎక్కడా లేదు. అమ్ముడైన నకళ్లు అచ్చుబొమ్మలు. రాసింది కార్యదర్శి జాన్ హే అనే వాదన నేటికీ ఉంది. ఆమె అయిదుగురు కొడుకులూ పోయారన్నదీ తప్పు, యుద్ధంలో చనిపోయారని ఖాయంగా తెలిసింది ఇద్దరే.

లేనివాటినీ లెక్కలో పెట్టుకోవాలి. తర్వాతి కాలపు అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ 1886లో చనిపోయే ముందు తన కాగితాలన్నీ తగలబెట్టించాడు. అయినా జూలియా శాండ్ అనే ఆమె ఆయనకి రాసిన 23 ఉత్తరాలు మిగిలాయి. 1881 ఆగస్టులో అధ్యక్షుడు గార్ఫీల్డ్ చావుబతుకుల మధ్య ఉండగా, అప్పటికి ఉపాధ్యక్షుడైన ఆర్థర్‌కి బుద్ధిగా మారండని ఆమె నేరుగా రాసింది. నీకు రెండో వ్యాసం కావాలంటే అక్కడ ఉంది.

వాషింగ్టన్, జెఫర్సన్ తరం వాళ్లవి "ఫౌండర్స్ ఆన్‌లైన్"లో ఉచితంగా దొరుకుతాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ "బై ది పీపుల్"లో పాత చేతిరాతలు ఎవరైనా చదివి టైపు చేయొచ్చు. వారానికి నాలుగు పేజీలు చెయ్యి, కళ్లు సాగుతాయి. నోట్సులో ప్రతి ఉత్తరానికీ సంస్థ, సేకరణ, సిరీస్, పెట్టె, ఫోల్డర్ రాసుకో. లింకు ఒక్కటే రాసుకుంటే అది రేపు మారిపోవచ్చు.

గ్రీలీ ఉత్తరం మొత్తం తెలుగులోకి దింపి, దాంతోపాటు ఆ రెండో పేరా మళ్లీ రాసి పంపు.

శుభాకాంక్షలతో,
మీ పెద్దమ్మ